వరి గింజలోనూ గ్లూకోజే, వరిగడ్డిలోనూ గ్లూకోజే: మరి తేడా ఎక్కడుంది?

సిరి_బైపీసీ
అందరికీ నమస్కారం. నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. జీవాణువుల పాఠంలో ఒకచోట ఆగిపోయాను. స్టార్చ్ అంటే గ్లూకోజ్ అణువులు వరసగా అతుక్కుని ఏర్పడిన పొడవైన గొలుసు అని ఉంది. ఆ వెంటనే సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే అని ఉంది. అంటే వరి మొక్క గింజలో దాచుకున్నదీ, కాండంలో గోడలుగా కట్టుకున్నదీ ఒకే చక్కెరతో చేసినవే కదా. మరి అన్నం తింటే కాసేపట్లోనే ఒంట్లో షుగర్ పెరుగుతుంది, గడ్డి తింటే మనకు ఏమీ దక్కదు. "బంధం వేరు" అని పుస్తకం ఒక్క ముక్కలో వదిలేసింది. బంధం మారితే ఇంత తేడా ఎలా వస్తుంది?

ఇంకో సందేహం కూడా ఉంది. లిపిడ్లు (కొవ్వులు, నూనెల లాంటివి) చిన్న అణువులే అంటూ, మళ్ళీ వాటిని బృహదణువుల, అంటే చాలా పెద్ద అణువుల పట్టికలో పెట్టారు. అదెందుకు?

బోటనీ_మాస్టారు
మంచి చోట ఆగావమ్మా. స్టార్చ్‌కి ఆల్ఫా 1,4, సెల్యులోజ్‌కి బీటా 1,4 అని బట్టీపట్టి ముందుకెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

ఒక కాగితం తీసుకుని గ్లూకోజ్ ఉంగరం గీయి. నాలుగో కార్బన్ మీద ఓహెచ్ కిందికి ఉంటుంది, అది మారదు. ఒకటో కార్బన్ మీద ఓహెచ్ కిందికి ఉంటే ఆల్ఫా, పైకి ఉంటే బీటా. ఇప్పుడు ఒక గ్లూకోజ్ ఒకటో కార్బన్‌ని పక్క గ్లూకోజ్ నాలుగో కార్బన్‌కి కలుపు. ఆల్ఫా అయితే రెండూ కిందికే ఉన్నాయి కాబట్టి ఉంగరాలు ఉన్నవి ఉన్నట్టే కలిసిపోతాయి. బీటా అయితే ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటుంది. కలవాలంటే రెండో ఉంగరం తలకిందులవ్వాలి. దాని తర్వాతది మామూలుగా, ఆ తర్వాతది మళ్ళీ తలకిందులుగా. గొలుసంతా అలాగే సాగుతుంది.

అసలు కథ ఇక్కడి నుంచే మొదలు. ఆల్ఫా గొలుసులో ప్రతి కలయిక దగ్గరా కొంచెం వంపు వస్తుంది. వంపులన్నీ ఒకవైపే కాబట్టి గొలుసు చుట్టలు తిరుగుతుంది, ఒక్కో చుట్టకు సుమారు 6 గ్లూకోజ్‌లు. మీ ల్యాబ్‌లో అయోడిన్ వేస్తే నీలం రంగు వచ్చేది ఆ చుట్టల లోపలికి అయోడిన్ చేరడం వల్లే. బీటా గొలుసులో ఒక వంపును పక్క వంపు సరిచేస్తుంది. గొలుసు నిటారుగా సాగిపోతుంది. నిటారు గొలుసులు పక్కపక్కన ఒద్దికగా పడుకుంటాయి, వాటి మధ్య హైడ్రోజన్ బంధాలు లెక్కకు మించి ఏర్పడతాయి. అలా పదుల గొలుసులు కలిసి ఒక సన్నని పోగు అవుతాయి. అందులోకి నీరు కూడా దూరలేదు. చుట్టలు తిరిగిన స్టార్చ్‌లోకైతే వేడినీళ్ళు చొచ్చుకుపోతాయి, అందుకే బియ్యం ఉడుకుతుంది. గడ్డిని ఎంత ఉడికించినా గడ్డే.

మన లాలాజలంలో, క్లోమరసంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ ఆల్ఫా బంధం ఉన్న వంకర గొలుసును మాత్రమే పట్టుకోగలదు. బీటా గొలుసు దాని చేతికి అందే ఆకారంలో ఉండదు. దాన్ని కోసే సెల్యులేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసే జన్యువు మన దగ్గర లేదు.

ఇంకొకటి, పరీక్షలో లెక్క అడిగితే పనికొస్తుంది. ప్రతి కలయికకూ ఒక నీటి అణువు బయటికి పోతుంది. గ్లూకోజ్ అణుభారం 180. వెయ్యి గ్లూకోజ్‌లు కలిస్తే 999 నీటి అణువులు పోతాయి. 1,80,000 నుంచి 17,982 తీసేస్తే 1,62,018. జీర్ణమంటే దీనికి తిరుగుదారి: ప్రతి బంధం దగ్గరా ఒక నీటి అణువును తిరిగి చేర్చి గొలుసు తెంపడం.

పాడి_రైతు
మాస్టారూ, బాగా చెప్పారు. కానీ మా గేదెలు ఏడాదిలో సగం రోజులు వరిగడ్డి మీదే బతుకుతాయి, పాలూ ఇస్తాయి. వాటికి ఆ ఎంజైమ్ ఉన్నట్టేనా?

పశువుల_డాక్టర్
రైతు అన్నా, గేదెకూ లేదు. ఆవుకూ, మేకకూ కూడా లేదు. గేదె పొట్టలో మొదటి గది పెద్దది, దాన్ని రూమెన్ అంటాం. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. ఫైబ్రోబాక్టర్, రూమినోకాకస్ లాంటి బ్యాక్టీరియా గడ్డి పోగుకు అంటుకుపోయి, సెల్యులోజ్‌ని కోసే ఎంజైమ్‌లు వదులుతాయి. గేదె చేసే పని నెమరువేసి గడ్డిని మెత్తగా నమలడం, పొట్టను వెచ్చగా తడిగా ఉంచడం, లాలాజలంతో పులుపు విరగ్గొట్టడం.

అలా విడిపడిన గ్లూకోజ్ కూడా గేదెకు అందదు. ఆ సూక్ష్మజీవులే దాన్ని పులియబెట్టి వాడేసుకుంటాయి. వాటి నుంచి బయటపడే అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాలను పొట్ట గోడ పీల్చుకుంటుంది. గేదె శక్తిలో ఎక్కువ భాగం వీటి నుంచే. రక్తంలో కావాల్సిన గ్లూకోజ్‌ని కాలేయం ముఖ్యంగా ప్రొపియోనేట్ నుంచి మళ్ళీ మొదటి నుంచి తయారుచేసుకుంటుంది. అసిటేట్ పొదుగుకు చేరి పాలలో వెన్న అవుతుంది. గడ్డి తగ్గించి దాణా బాగా పెంచితే పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోయేది అందుకే. పీచు తగ్గితే అసిటేట్ తగ్గుతుంది.

సిరి అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంకో కోణం ఉంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో మిగిలిన అన్నం తెచ్చి పశువు ముందు పోస్తారు. ప్రేమతోనే పోస్తారు. పశువు ఇష్టంగా తినేస్తుంది. మర్నాడు లేవలేదు, మేత ముట్టదు, పొట్ట నీళ్ళతో నిండినట్టు ఉంటుంది. గడ్డిలోని గ్లూకోజ్ గంటల తరబడి కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. ఉడికిన అన్నంలోది ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పుడు పొట్టలో లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగిపోతుంది, పులుపుకి గడ్డి అరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5 కంటే కిందికి పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. మనిషికి ప్రాణం నిలిపే గొలుసే ఒకేసారి ఎక్కువైతే గేదె ప్రాణం తీస్తుంది. దయచేసి అన్నం, నూకలు, పిండి ఒకేసారి ఎక్కువ పెట్టకండి. పొరపాటున తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం చూడకుండా వెంటనే డాక్టర్‌ని పిలవండి.

పాడి_రైతు
మా ఊళ్ళో ఇలా పోయిన గేదెలు ఉన్నాయి డాక్టర్ గారూ. దిష్టి తగిలిందనుకున్నారు. ఇది మా పాల కేంద్రం దగ్గర అందరికీ చదివి వినిపిస్తాను.

యూరియా కలిపి మాగబెట్టిన గడ్డి పెట్టమని చెబుతుంటారు. అది కూడా ఈ బంధాలు తెంపడానికేనా?

పశువుల_డాక్టర్
సరిగ్గా పట్టుకున్నారన్నా. అయితే తెగేది గ్లూకోజ్ గొలుసు కాదు. గడ్డి గోడలో సెల్యులోజ్ ఒక్కటే ఉండదు. హెమిసెల్యులోజ్ దాన్ని చుట్టి ఉంటుంది, లిగ్నిన్ వాటి మధ్య గట్టిపడి ఉంటుంది. లిగ్నిన్ చక్కెర గొలుసు కాదు, అది వేరే జాతి బృహదణువు. పొట్టలో బ్యాక్టీరియాకు అది కొరుకుడు పడదు. నూరు కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్ళలో కరిగించి చల్లి, గాలి దూరకుండా కప్పి మూడు వారాలు ఉంచితే, గడ్డి మీద ఉన్న సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఆ అమ్మోనియా క్షారం. అది లిగ్నిన్‌కూ హెమిసెల్యులోజ్‌కూ మధ్య ఉన్న ఎస్టర్ బంధాలను తెంపుతుంది. గోడ ఉబ్బుతుంది, బ్యాక్టీరియాకు సెల్యులోజ్ అందుతుంది. పైగా ఆ నత్రజనితో బ్యాక్టీరియా తమ ప్రోటీన్ తయారుచేసుకుంటాయి, చివరికి ఆ బ్యాక్టీరియానే గేదెకు ప్రోటీన్.

తీసిన గడ్డిని కాసేపు గాలికి ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియాను నేరుగా దాణాలో గుప్పెడు వేసే పని ఎప్పుడూ చేయొద్దు, అది విషం. మొదటిసారి మీ పశువైద్యశాల వాళ్ళను పక్కన పెట్టుకుని చేయండి.

లక్ష్మీ_వంటిల్లు
నాకూ ఒక సందేహం. మా అత్తగారికి షుగర్. ఒకాయన బియ్యం మార్చమన్నారు, ఇంకొకాయన రాత్రి అన్నం ఉదయం తినమన్నారు. అన్నం ఏదైనా స్టార్చే కదా. బియ్యం రకం మారితే ఏం మారుతుంది?

హారిక_రీసెర్చ్
లక్ష్మి గారూ, స్టార్చ్ ఒకటే అణువు కాదండీ. అందులో రెండు రకాల గొలుసులు ఉంటాయి. అమైలోజ్ దాదాపు కొమ్మల్లేని గొలుసు. అమైలోపెక్టిన్ ప్రతి 24 నుంచి 30 గ్లూకోజ్‌లకు ఒక కొమ్మ వేస్తుంది. కొమ్మల కొసలు ఎక్కువుంటే ఎంజైమ్‌కు పట్టు దొరికే చోట్లు ఎక్కువ, అరుగుదల వేగం. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం మెతుకు విడివిడిగా ఉండి నెమ్మదిగా అరుగుతుంది. ఈశాన్య రాష్ట్రాల్లో తినే జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అందుకే ముద్దగా అంటుకుంటుంది. మనవాళ్ళు ఇష్టపడే బీపీటీ 5204, అదే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అమైలోజ్ బాగానే ఉన్న రకం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి దీనికి ఆకు ఎండు తెగులును తట్టుకునే జన్యువులు చేర్చి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చాయి. దాని గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, సుమారు 51 అని తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క.

చద్దన్నం సంగతి. ఉడికినప్పుడు విచ్చుకున్న అమైలోజ్ గొలుసులు చల్లారాక మళ్ళీ దగ్గరగా చేరి గట్టి అమరికలోకి వస్తాయి. ఆ భాగాన్ని అమైలేజ్ సరిగ్గా కోయలేదు. అది పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. మాస్టారు చెప్పిన సెల్యులోజ్ కథే ఇది, కాకపోతే చిన్న ఎత్తున. బంధం ఆల్ఫానే, గొలుసుల అమరిక మారింది. కానీ అన్నంలో ఇలా మారేది కొంత భాగమే. దీన్ని చూసుకుని మందులు తగ్గించడం, రెండు ముద్దలు ఎక్కువ తినడం చేయకండి. గ్లూకోమీటర్‌తో తిన్న రెండు గంటలకు చూసుకుని మీ డాక్టర్‌తో మాట్లాడండి. రాత్రి అన్నం బయట వెచ్చగా వదిలేయకుండా చల్లటిచోట పెట్టండి.

సిరి_బైపీసీ
ఇదంతా నాకు చాలా ఉపయోగపడింది. లిపిడ్ల సంగతి ఎవరూ చెప్పలేదు, మర్చిపోకండి.

బోటనీ_మాస్టారు
వస్తున్నానమ్మా. మీ పుస్తకంలోనే జవాబుంది, ప్రయోగం దగ్గర. జీవకణజాలాన్ని, కాలేయం ముక్కనో కూరగాయనో, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంలో వేసి నూరి వడకడతారు. వడపోతలో కిందికి దిగినవి చిన్న అణువులు: చక్కెరలు, అమైనో ఆమ్లాలు, న్యూక్లియోటైడ్‌లు. గుడ్డ మీద మిగిలినవి ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ), పాలిసాకరైడ్‌లు (స్టార్చ్ లాంటి చక్కెర గొలుసులు). వాటితో పాటే లిపిడ్లు కూడా మిగిలిపోతాయి. ఎందుకంటే కణంలో లిపిడ్ విడి అణువుగా ఉండదు, పొరగా పేర్చి ఉంటుంది. నూరినప్పుడు ఆ పొరలు చిన్న చిన్న బుడగలుగా ముక్కలవుతాయి. బుడగ నీళ్ళలో కరగదు కాబట్టి పెద్దవాటితోపాటు మిగులుతుంది. అంటే వడకట్టే పద్ధతి వల్ల ఆ గుంపులో పడ్డాయి, గొలుసు కట్టడం వల్ల కాదు. లిపిడ్ అణుభారం 800 డాల్టన్లు (అణుభారాన్ని కొలిచే ప్రమాణం) దాటదని పుస్తకం చెబుతుంది, నీట్‌లో అదే రాయి.

హారిక_రీసెర్చ్
మాస్టారు చెప్పింది పరీక్షకు సరైనదే. తెలుసుకోవడం కోసం ఒక మాట: కొన్ని కొవ్వులు 800 దాటుతాయి. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ట్రైఓలీన్ అణుభారం 885. అయినా ప్రోటీన్ల ముందు అది చిన్నదే.

చదువరి
ఈ "పెద్ద అణువు" అనే ఆలోచన ఎంత గొడవ మధ్య పుట్టిందో చెప్పాలనిపించింది. వందేళ్ళ కిందట పేరున్న రసాయన శాస్త్రవేత్తల్లో చాలామంది స్టార్చ్, సెల్యులోజ్, రబ్బరు లాంటివి చిన్న అణువుల గుంపులే అనుకునేవారు. ఏదో బలహీనమైన ఆకర్షణతో దగ్గర చేరి పెద్దవిగా కనబడుతున్నాయని వాళ్ళ వాదన. జర్మనీకి చెందిన హెర్మన్ స్టాడింగర్ 1920లో కాదన్నారు. అవి మామూలు రసాయన బంధాలతోనే వేల పరమాణువులు కలిసిన ఒక్కటే అణువు అన్నారు. ఏళ్ళ తరబడి ఎవరూ ఒప్పుకోలేదు. స్వీడన్‌లో స్వెడ్‌బర్గ్ అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ తయారుచేసి హీమోగ్లోబిన్‌ని తిప్పి చూస్తే, ఆ అణువులన్నీ ఒకే బరువు, దాదాపు 67,000. గుంపులైతే రకరకాల బరువులు రావాలి కదా. స్వెడ్‌బర్గ్‌కి నోబెల్ 1926లోనే వచ్చింది. స్టాడింగర్‌కి 1953 దాకా రాలేదు, అప్పటికి ఆయన వయసు 72.

కిరణ్_మెకానికల్
నేను సైన్స్ వదిలేసి చాలా కాలమైంది, కానీ ఈ చర్చ వదల్లేకపోతున్నాను. స్టార్చ్‌లో ఉన్నది ఒకే ముక్క, దాన్నే మళ్ళీ మళ్ళీ అతికించడం. ప్రోటీన్‌లో 20 రకాల ముక్కలు ఉంటాయంటారు కదా. ఆ 20 రకాల గొలుసు ఏ ఆకారంలో మడత పడాలో ఎవరు చెబుతారు? అచ్చు ఏదైనా ఉంటుందా?

హారిక_రీసెర్చ్
కిరణ్ గారూ, మీ ప్రశ్నకు జవాబు డాక్టర్ గారి ఆవు పొట్టలోనే ఉంది.

రూమెన్‌లోని బ్యాక్టీరియా కిందికి జారి ఆవుకు ఆహారమవుతుందన్నారు కదా. బ్యాక్టీరియా నిండా ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దాన్ని కోసి భాస్వరం, నత్రజని వెనక్కి తీసుకోవడానికి ఆవు క్లోమం రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ని చాలా ఎక్కువగా తయారుచేస్తుంది. మీరన్న 20 రకాల ముక్కలే అమైనో ఆమ్లాలు; ఇది 124 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. అమెరికాలో ఆర్మర్ అనే మాంసం కంపెనీ ఆవుల క్లోమం నుంచి దీన్ని కిలో దాకా శుద్ధిచేసి పరిశోధకులకు పంచింది. అలా ప్రపంచంలో అందరికన్నా ముందు అర్థమైన ప్రోటీన్లలో ఇదొకటి అయింది.

క్రిస్టియన్ ఆన్‌ఫిన్సన్ దీన్ని గాఢమైన యూరియా ద్రావణంలో వేసి, గొలుసును అడ్డంగా కట్టి ఉంచే నాలుగు గంధకపు వంతెనలను తెంపేశారు. మడతలన్నీ విప్పుకుని పని చేయడం మానేసింది. తర్వాత యూరియాను మెల్లగా తీసేసి గాలి తగలనిస్తే, గొలుసు తనంతట తాను మడత పడి మళ్ళీ ఆర్‌ఎన్‌ఏని కోయడం మొదలుపెట్టింది. అచ్చు లేదు, సాయం లేదు. వంతెనలు కట్టే గంధకపు అమైనో ఆమ్లాలు, అంటే ఆ 8 సిస్టీన్‌లు, జతలు కట్టడానికి 105 దారులు ఉన్నాయి. అది ఎంచుకున్నది సరైన ఒక్కదాన్నే. యూరియా ఉండగానే వంతెనలు కట్టనిస్తే మాత్రం ఇష్టమొచ్చినట్టు కట్టుకుంది, పనితనం 1 శాతం దగ్గరే ఆగింది. అంటే ఆకారానికి కావాల్సిన సమాచారమంతా అమైనో ఆమ్లాల వరసలోనే ఉంది. 1972లో నోబెల్ ఇచ్చారు.

పశువుల_డాక్టర్
హారిక గారూ, క్లోమంలో ఆ ఎంజైమ్ ఎక్కువని చదివాం కానీ, ఈ ప్రయోగం దాని మీద జరిగిందని మా పాఠాల్లో రాలేదు. చాలా సంతోషం.

కిరణ్_మెకానికల్
మరి ఉడికిన గుడ్డు చల్లారాక మళ్ళీ పచ్చిగా ఎందుకు మారదు? అందులోనూ ప్రోటీనేగా?

హారిక_రీసెర్చ్
ఆన్‌ఫిన్సన్ పలచటి ద్రావణంలో చేశారు, ఒక గొలుసుకు ఇంకో గొలుసు అడ్డు రాలేదు. గుడ్డు తెల్లసొనలో ఓవాల్బ్యుమిన్, ఇంకొన్ని ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. వేడికి విప్పుకోగానే లోపల దాచుకున్న నీరంటని భాగాలు బయటపడతాయి. నీటిని తప్పించుకోవడానికి అవి తన గొలుసు అనుకోకుండా పక్క గొలుసుతోనూ అంటుకుంటాయి. అంతా ఒక వలలా చిక్కుపడుతుంది. చల్లారినా ఆ చిక్కు విడదు. గమనించండి, ఉడికించినప్పుడు అమైనో ఆమ్లాల వరస చెక్కుచెదరలేదు, వాటిని కలిపే పెప్టైడ్ బంధాలు తెగలేదు. పోయింది మడత మాత్రమే. అందుకే ఉడికిన గుడ్డులో ప్రోటీన్ ఏమీ తగ్గదు, పైగా మన జీర్ణ ఎంజైమ్‌లకు తేలిగ్గా అందుతుంది.

ఏజెన్సీ_నర్సు
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. వరస అన్న మాట చూసి రాయాలనిపించింది.

మేం పనిచేసే గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా మారే వంశపారంపర్య రక్తజబ్బు) పిల్లలు ఉన్నారు. కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగిపోతారు, ఒంట్లో రక్తం ఉండదు, తరచూ జ్వరాలు. హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, మొత్తం 574 అమైనో ఆమ్లాలు. బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది వాలిన్ వస్తుంది. అంతే. బీటా గొలుసులు రెండు కాబట్టి 574లో రెండు చోట్ల మార్పు. ఆ రెండు మార్పులకు ఒక పిల్లాడి బాల్యమంతా ఆస్పత్రి మంచం మీద గడిచిపోతుంది.

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు ఊళ్ళలోకి వచ్చాయి. వేలి కొస నుంచి చుక్క రక్తం చాలు. అమ్మానాన్న ఇద్దరూ వాహకులైతే (జబ్బు లేకున్నా ఆ జన్యువును మోసేవాళ్ళైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్ళికి ముందే పరీక్ష ఫలితం రాసిన కార్డు చూసుకోమని మేం బతిమాలుతాం. వాహకులకు జబ్బు ఉండదు, వాళ్ళను చిన్నచూపు చూడొద్దని కూడా అంతే గట్టిగా చెబుతాం.

హారిక_రీసెర్చ్
అక్కా, మీరు రాసినందుకు చాలా మంచిదైంది. ఆ ఒక్క మార్పు ఏం చేస్తుందో కొంచెం కలుపుతాను. గ్లుటామిక్ ఆమ్లానికి విద్యుదావేశం ఉంటుంది, నీటితో పొసగుతుంది. వాలిన్‌కు లేదు, నీటిని తప్పించుకోవాలని చూస్తుంది. అది హీమోగ్లోబిన్ పై భాగంలో ఉంది. ఆక్సిజన్ వదిలేసినప్పుడు పక్క హీమోగ్లోబిన్ మీద ఆ వాలిన్ సరిగ్గా ఒదిగే గుంట ఒకటి తెరుచుకుంటుంది. ఒకదానికొకటి అంటుకుంటూ 14 పోగుల పొడవైన దారాలు తయారవుతాయి, అవి ఎర్రకణాన్ని కొడవలిలా సాగదీస్తాయి. ఆక్సిజన్ తిరిగి అందగానే దారాలు విడిపోతాయి, ఎందుకంటే వాటి మధ్య ఉన్నది రసాయన బంధం కాదు, కేవలం అంటుకోవడం. స్టాడింగర్ ప్రత్యర్థులు స్టార్చ్ గురించి ఊహించిన "గుంపు" నిజంగా జరిగేది ఇక్కడ. హైడ్రాక్సీయూరియా మందు పసితనపు హీమోగ్లోబిన్‌ని పెంచుతుంది. అది ఆ దారాల్లో కలవదు, అందుకే నొప్పులు తగ్గుతాయి.

ఇది అణువు జబ్బు అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. మార్పు ఒకే ఒక్క అమైనో ఆమ్లమని 1956లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు.

ఏజెన్సీ_నర్సు
మందు ఎందుకు పనిచేస్తుందో ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదమ్మా. తల్లులకు ఇలాగే చెబుతాను. వాళ్ళు మధ్యలో మాత్రలు మానేయడమే మాకు పెద్ద సమస్య.

సిరి_బైపీసీ
ఒక చిన్న ప్రశ్న. అన్నిటికన్నా పెద్ద అణువు డీఎన్‌ఏయేనా?

బోటనీ_మాస్టారు
మన ఒంట్లో అయితే అవును. మనిషి మొదటి క్రోమోజోమ్ తీసుకో. అందులో దాదాపు 24.9 కోట్ల క్షారజతలు (డీఎన్‌ఏ నిచ్చెనలోని మెట్లు) ఉంటాయి. జతకు 0.34 నానోమీటర్ల చొప్పున లెక్కవేస్తే పొడవు 8 సెంటీమీటర్లు దాటుతుంది. ఒకే ఒక్క అణువు, కొస నుంచి కొస వరకు తెగని రసాయన బంధాలతో, నీ చూపుడువేలంత పొడవు! వెడల్పు మాత్రం 2 నానోమీటర్లే. కణంలోని 46 కలిపితే సుమారు 2 మీటర్లు. అదంతా హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని కేంద్రకంలో ఒదుగుతుంది.

చదువరి
డీఎన్‌ఏ మాట వచ్చింది కాబట్టి భాస్వరం గురించి చెప్పాలి, మన భీమవరం బిడ్డ గురించీ చెప్పాలి. డీఎన్‌ఏ వెన్నెముక నిండా భాస్వరం ఉంటుంది, గంధకం ఉండదు. ప్రోటీన్‌లో గంధకం ఉంటుంది, భాస్వరం మామూలుగా ఉండదు. ఈ తేడాను పట్టుకునే 1952లో హెర్షీ, చేజ్ రేడియోధార్మిక భాస్వరం, గంధకం వాడి వైరస్ కణంలోకి పంపే వంశపు సమాచారం డీఎన్‌ఏయేనని నిరూపించారు.

జీవపదార్థంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఇచ్చింది యల్లాప్రగడ సుబ్బారావు. ద్రావణం నీలంగా మారుతుంది, నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత. పొర లిపిడ్లలో, కేంద్రకామ్లాల్లో భాస్వరం లెక్కకు దశాబ్దాల పాటు ల్యాబ్‌లలో ఇదే వాడారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో కణానికి శక్తిని అందించే ఏటీపీనీ కనుక్కోగలిగారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు. ఏటీపీ బృహదణువు కాదు, బరువు 507. కానీ ఆర్‌ఎన్‌ఏ గొలుసులో కణం అతికించే నాలుగు ముక్కల్లో అదొకటి.

ఇంకొకరు మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్. మన చర్మంలో, ఎముకలో, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుల్లో ఉండే గట్టి ప్రోటీన్ కొల్లాజెన్. మూడు గొలుసులు కొబ్బరితాడు పేనినట్టు ఒకదానిచుట్టూ ఒకటి మెలిపడి ఉంటాయని 1954-55లో గోపీనాథ్ కర్తాతో కలిసి చెప్పారు. ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసీన్ అయి తీరాలి, ఎందుకంటే తాడు నడిమధ్యలో అంతకన్నా పెద్దది పట్టదు. 1963లో ఆయన, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి గీసిన పటం, పెప్టైడ్ గొలుసు ఏ కోణాల్లో తిరగగలదో ఏ కోణాల్లో తిరగలేదో చూపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడ కొత్త ప్రోటీన్ నిర్మాణం తేల్చినా ఈరోజుకీ ఆ పటం మీద పెట్టి సరిచూస్తారు.

హారిక_రీసెర్చ్
నేను వారానికోసారైనా ఆ పటం తెరుస్తాను. ఆయనకు నోబెల్ రాకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సిరి_బైపీసీ
ఈరోజు ఇంట్లో అయోడిన్ ప్రయోగం చేశాను. మందుల షాపులో టింక్చర్ కొని నీళ్ళలో పలచగా కలిపాను. చల్లారిన గంజి ముదురు నీలం. దూది గోధుమరంగులోనే ఉంది. కానీ నోట్‌బుక్ కాగితం నీలం అయింది! కాగితం సెల్యులోజ్ కదా మాస్టారూ, చుట్టలు లేవన్నారు కదా?

బోటనీ_మాస్టారు
నీ ప్రయోగం సరిగ్గానే వచ్చిందమ్మా. సిరా పాకకుండా ఉండటానికీ, గట్టిదనానికీ కాగితం తయారుచేసేటప్పుడు స్టార్చ్ కలుపుతారు. నువ్వు చూసిన నీలం ఆ స్టార్చ్‌ది. సెల్యులోజ్ మాత్రమే ఉన్నదాంతో పోల్చాలంటే ల్యాబ్‌లో వాడే వడపోత కాగితం తీసుకో. గంజి పెట్టిన నూలు చీర కొంగు మీద చుక్క వేసినా నీలమే వస్తుంది, గంజి పెట్టని దానిమీద రాదు. అమ్మను అడిగి పాత గుడ్డ మీదే చేయి, మరక పోదు.

ఇంకొకటి చూడు. నీలం వచ్చిన గంజిని స్టీలు గిన్నెలో పోసి వేడిచేయి. రంగు పోతుంది. చల్లారనివ్వు, మళ్ళీ వస్తుంది. వేడికి ఆ చుట్టలు సడలి అయోడిన్ బయటికి వచ్చేస్తుంది, చల్లబడ్డాక మళ్ళీ చుట్టుకుంటాయి. మరీ ఎక్కువసేపు మరిగిస్తే మాత్రం అయోడిన్ ఆవిరైపోయి రంగు తిరిగి రాదు. కిటికీ తీసి చేయి, ఆవిరి పీల్చకు. ఆ గిన్నెలో మళ్ళీ వంట వద్దు.